సబ్బుతో కడుక్కున్న కాళ్లు

ఈస్టర్‌కు ముందు గురువారం సాయంత్రం మా గుడిలో అయ్యగారు పన్నెండు మంది కాళ్లు కడుగుతారు. యేసు శిష్యుల కాళ్లు కడిగిన రాత్రిని గుర్తుచేసుకునే ఆరాధన అది. పోయినేడు ఆ పన్నెండు మందిలో నేనూ ఉన్నాను. ఇంటి దగ్గరే కాళ్లు సబ్బుతో రుద్ది కడుక్కొని, మడమల పగుళ్లకు కొబ్బరినూనె రాసుకొని మరీ వెళ్లాను. పక్కవాళ్ల కాళ్లు చూశాను. అందరం అదే పని చేసి వచ్చాం. మట్టి కాళ్లవాళ్లు వెనక చాపల మీద కూర్చున్నారు.

నేను కోయవాణ్ణి. వయసులో ఉన్నప్పుడు వినయం మీద ప్రసంగం వింటే నాకు ఒళ్లు మండేది. షావుకారు ముందు, ఆఫీసు గుమ్మం ముందు తల వంచీ వంచీ మావాళ్ల మెడలు అరిగిపోయాయి. కుర్చీ ఖాళీగా ఉన్నా మా నాన్న నేలమీదే కూర్చునేవాడు. ఇక గుడిలో కూడా తగ్గించుకోమంటే ఇంకెంత తగ్గాలి? బైబిల్లో కనబడే ‘దీనుడు’ అన్న మాట తెలుగులో గర్వం లేనివాడికీ వాడతారు, దిక్కులేనివాడికీ వాడతారు. ఆ రెండూ ఒకటే అనుకోవడం వల్ల మేం చాలా పోగొట్టుకున్నాం.

యోహాను సువార్త పదమూడో అధ్యాయం టీచర్నయ్యాకే నాకు సరిగ్గా అర్థమైంది. యేసు తువ్వాలు నడుముకు కట్టుకొని పళ్లెంలో నీళ్లు పోసే ముందు యోహాను ఒక సంగతి చెబుతాడు. తాను దేవుని దగ్గర నుంచి వచ్చాననీ, సమస్తం తన చేతుల్లో ఉందనీ యేసుకు తెలుసు. తెలిసే లేచి వంగాడు. మా నాన్న భయపడి వంగాడు. చూసేవాళ్లకు రెండూ ఒకలాగే ఉంటాయి.

తల ఎత్తి మాట్లాడినంత మాత్రాన వినయం పోదు కూడా. డోర్నకల్ బిషప్ అజరయ్య సంగతే చూడండి. 1912లో ఆంగ్లికన్ సంఘానికి మొదటి భారతీయ బిషప్ అయ్యాడాయన. అంతకు రెండేళ్ల ముందు ఎడిన్‌బరో మహాసభలో మిషనరీల త్యాగాన్ని మెచ్చుకుంటూనే, మీరు మాకు స్నేహితులు కాలేకపోయారని వాళ్ల ముందే చెప్పాడు.

ఇంత తెలిసిన నేను ఏం చేశానో చెబుతాను. ఆ గురువారానికి వారం ముందు బడికి పైవాళ్లు వచ్చారు. మూడో తరగతి పిల్లవాడొకడు తన నోటు పుస్తకంలో ‘చెలమ దగ్గర ఏరు తాగాను’ అని రాశాడు. నేను గట్టిగా చదివి, “ఏరంతా తాగేశావురా? మాకేమన్నా మిగిల్చావా?” అన్నాను. వచ్చినవాళ్లు నవ్వారు, పిల్లలు నవ్వారు. ఆ మాట కింద ఎర్ర గీత గీశాను.

కోయలో ఏరంటే నీళ్లు. మా అమ్మ చివరిరోజు నన్ను అడిగింది కూడా ఏరే. పిల్లల సొంత భాష నుంచే చదువు మొదలుపెట్టాలని శిక్షణలో చదివాను, పరీక్షలో రాసి మంచి మార్కులూ తెచ్చుకున్నాను. ఆ రోజు మాత్రం నాకు కోయ రానట్టు నటించాను. కుర్చీల్లో కూర్చున్నవాళ్ల ముందు నేనూ ఒక కుర్చీ మనిషిలా కనబడాలనిపించింది.

మర్నాటి నుంచి పిల్లవాడు బడికి రాలేదు. గురువారం అయ్యగారు నా పాదాల మీద నీళ్లు పోస్తుంటే, వెనక చాప మీద వాడి అవ్వ కనబడింది. ఆ నీళ్లు నాకు చల్లగా తగల్లేదు.

ఆరాధన అయ్యాక ఆమె దగ్గరికి వెళ్లి, కోయలోనే జరిగింది చెప్పాను. “నాతో కాదు సారూ, వాడితో చెప్పు” అంది. తోటి టీచరు వద్దన్నాడు. పిల్లల ముందు తప్పు ఒప్పుకుంటే తర్వాత ఎవరూ మాట వినరట. నిజం చెప్పాలంటే నాకూ అదే భయం. ఆదివారం ప్రార్థనలో దేవుణ్ణి క్షమించమని అడగడం నాకు తేలికైన పనే. ఎనిమిదేళ్ల పిల్లవాణ్ణి అడగాలంటే గొంతు ఎండిపోయింది.

సోమవారం అవ్వ వాణ్ణి తీసుకొచ్చింది. తరగతిలో అందరి ముందు, నువ్వు రాసింది మన మాటే, నాకు తెలిసి కూడా నవ్వాను, తప్పు నాది అన్నాను. వాడు చాలాసేపు నేల చూశాడు. తర్వాత నోటు పుస్తకం తీసి, “మరి ఈ గీత?” అన్నాడు.

గీత కొట్టేసి పక్కన టిక్కు పెట్టాను. ‘నీళ్లు’ అని తెలుగు మాట కూడా కింద రాసిచ్చాను. తల ఎత్తి చూసేసరికి ఇంకో ఐదారుగురు తమ పుస్తకాలు పట్టుకొని వరసలో నిలబడి ఉన్నారు.