బోటుకి ఇన్సూరెన్స్ ఎందుకులే అనుకున్నా!

మా తాతయ్య పాలకొల్లు దగ్గర కాలువ గట్టు మీద గాలం వేసుకుని కూర్చుంటే ఏ కాగితాలూ అడిగేవాళ్లు కాదు. వెదురు కర్ర, వానపాము, బోలెడంత ఓపిక. అంతే! ఆ సరదా నాతోపాటు డాలస్ దాకా వచ్చేసింది. ఉద్యోగంలో చేరిన మూడో ఏడాది సెకండ్‌హ్యాండ్‌లో 16 అడుగుల అల్యూమినియం బోటు కొన్నా. దానికి 40 హార్స్‌పవర్ మోటారు, ఒక ట్రైలరు.

కాగితాల విషయంలో జాగ్రత్తగానే ఉన్నా. టెక్సాస్‌లో 17 ఏళ్లు నిండినవాళ్లు చేపలు పట్టాలంటే లైసెన్స్ ఉండాలి. తీసుకున్నా. ఇక్కడ బోటుకో టైటిల్, దాని వెనక తగిలించే మోటారుకి విడిగా ఇంకో టైటిల్ ఉంటాయి. అమ్మినాయన మొదట ఒక్కటే ఇచ్చాడు. రెండోదీ చేతికొచ్చాకే డబ్బులిచ్చా. 1993 సెప్టెంబర్ 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు 15 హార్స్‌పవర్ దాటిన బోటు నడపాలంటే బోటర్ ఎడ్యుకేషన్ కోర్సు చెయ్యాలి. అదీ ఆన్‌లైన్‌లో పూర్తి చేశా.

ఇన్సూరెన్స్ మాత్రం టెక్సాస్ చట్టం అడగదు. ‘అడగనిది మనకెందుకు?’ అనుకుని అక్కడితో ఆగిపోయా. ఊళ్లో బైక్‌కి థర్డ్ పార్టీ కట్టింది కూడా ట్రాఫిక్ పోలీసు కోసమే కదా!

ఓ ఆదివారం సాయంత్రం లూయిస్‌విల్ లేక్ నుంచి తిరిగొస్తున్నాం. ట్రైలర్‌ని నీళ్లలోకి దింపడానికి నేను ఒడ్డుకి దిగా. ‘‘రేయ్, మెల్లగా తీసుకురా’’ అని బోటు ఫ్రెండ్‌కి అప్పజెప్పా. వాడికి కోర్సు లేదు. కోర్సు చేసిన పెద్దవాళ్లు పక్కనుంటే వాడు నడపొచ్చు. కానీ నేను ఒడ్డున ఉన్నా. గాలి ఒక్కసారి బోటుని పక్కకి తోసేసింది. వాడు కంగారులో వెనక్కి లాగాల్సిన లివర్‌ని ముందుకి నెట్టాడు. డాక్‌కి కట్టి ఉన్న ఇంకో బోటుని ఢీకొట్టింది.

నిమిషం ముందే ఆ బోటులోంచి ఎనిమిదేళ్ల పిల్లాడు డాక్ మీదకి దిగాడు. వాడు ఇంకా అక్కడే ఉండుంటే? ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

పిల్లాడికి ఏం కాలేదు. బోటు ఫైబర్ మాత్రం పగిలింది. రిపేరుకి 3,400 డాలర్లు అన్నారు. నష్టం 2,000 డాలర్లు దాటితే 30 రోజుల్లోపు ప్రమాదం రిపోర్ట్ ఇవ్వాలని అప్పుడే తెలిసింది, ఇచ్చా. కారు ఇన్సూరెన్స్‌లో ఏమైనా వస్తుందేమోనని ఏజెంట్‌కి ఫోన్ చేశా. ‘‘రోడ్డు మీద ట్రైలర్ లాగుతూ ఎవరినైనా గుద్దితే మీ కారు పాలసీ చూసుకుంటుంది. బోటు నీళ్లలోకి దిగాక దానికి సంబంధం లేదు’’ అన్నాడు. డబ్బంతా నా సేవింగ్స్‌లోంచే పోయింది.

ఆ వారమే బోటు పాలసీ తీసుకున్నా. ఈసారి మూడు విషయాలు అడిగి మరీ తీసుకున్నా. ఒకటి, నా వల్ల ఎదుటివాళ్లకి దెబ్బ తగిలినా, నష్టం జరిగినా ఎంతవరకు ఇస్తారు? అన్నిటికన్నా ముఖ్యం ఇదే. రెండు, బోటు మునిగిపోతే ముందే ఒప్పుకున్న ధర ఇస్తారా, తరుగు తీసేసి ఇస్తారా? పాత బోటుకి ఈ రెండిటి మధ్య చాలా తేడా ఉంటుంది. మూడు, నా బోటుని ఫ్రెండ్ నడిపితే వర్తిస్తుందా? నీళ్ల మధ్యలో మోటారు ఆగిపోతే ఒడ్డుకి లాక్కొచ్చే ఖర్చు కూడా కలిపించుకున్నా.

ఇంకో మాట. బోటు నడిపేవాడు బీరు జోలికి వెళ్లకూడదు. ఇక్కడ కారుకున్న 0.08 లిమిటే బోటుకీ. మాలాగ వీసా మీద ఉన్నవాళ్లకి ఆ కేసు పడితే ఫైన్‌తో పోదు.

జరిగిందంతా ఫోన్‌లో నాన్నకి చెప్పా. ‘‘చట్టం అడగలేదు సరేరా, ఆ పిల్లాడి తండ్రి అడిగితే ఏం చెప్పేవాడివి?’’ అన్నారు. నా దగ్గర జవాబు లేదు.

మొన్న శనివారం అదే ఫ్రెండ్ ‘‘మామా, ఒకసారి నడుపుతా’’ అన్నాడు. ‘‘కార్డు చూపించు’’ అన్నా. నవ్వుతూ జేబులోంచి తీశాడు. కోర్సు పూర్తి చేశాడట. తాళం వాడి చేతిలో పెట్టా. కానీ ఈసారి ఒడ్డుకి దిగలేదు, వాడి పక్కనే కూర్చున్నా.