పోర్ట్ లూయీ వెనక నల్లకొండలు

 మీరు ప్రతినిధులుగా వస్తున్న మహాసభలు జరిగే మారిషస్ నగరం పోర్ట్ లూయీకి ముందు రేవు, వెనక కొండలు. రేవు గురించి ఎవరైనా చెబుతారు. ఫ్రెంచి గవర్నరు లా బూర్దొనే 1730లలో దాన్ని తీర్చిదిద్దాడు. ఇప్పుడక్కడ దుకాణాలూ, హోటళ్లూ, సాయంత్రాల సందడీ. మీరు ఎలాగూ అటు వెళ్తారు. సభలయ్యాక మిగిలే ఒకటి రెండు రోజుల్లో కొండల వైపు కూడా వెళ్లమని చెప్పడానికే ఈ వ్యాసం.

రేవు దగ్గర నిలబడి ఊరివైపు తిరగండి. పైకెత్తిన బొటనవేలి ఆకారంలో కనిపించేది లె పూస్, ఎత్తు 812 మీటర్లు. శిఖరం మీద పెద్ద గుండ్రాయి నిలబెట్టుకున్నది పీటర్ బోత్, 820 మీటర్లు. ఈ దీవిని పుట్టించిన తొలి అగ్నిపర్వతం చాలా పెద్దది. దాని నడిమి భాగం కుంగిపోగా చుట్టూ మిగిలిన అంచుల్లో ఇవి కొన్ని. అంటే పోర్ట్ లూయీ ఒక పాత అగ్నిపర్వతపు గోడకు ఆనుకుని ఉన్న ఊరు. 1836లో బీగిల్ ఓడలో వచ్చిన చార్లెస్ డార్విన్ లె పూస్ ఎక్కి దీవిని చూశాడు. నడక అలవాటున్నవారు ఉదయమే బయల్దేరితే ఎక్కి దిగి మధ్యాహ్న భోజనానికి ఊళ్లో ఉండవచ్చు. పైనుంచి ఒకవైపు రేవు, మరోవైపు చెరకు తోటలు కనిపిస్తాయి.

ఈ కొండల రాయి బసాల్ట్, లావా చల్లారి గట్టిపడిన నల్లరాయి. తెలుగువారికి ఇది కొత్త రాయి కాదు. వికారాబాద్, తాండూరు ప్రాంతాల్లో చూసి ఉంటారు. రాజమండ్రి పక్కన కాటేరులో, గోదావరి దాటాక పంగిడిలో చూసి ఉంటారు. దక్కను నల్లరేగడి చాలావరకు ఈ జాతి రాయి శిథిలమై ఏర్పడిన నేలే. పోలిక అంతటితో ఆగదు. భూగర్భంలో ఒకచోట లోతు నుంచి విపరీతమైన వేడి పైకి తన్నుకొస్తూ ఉంటుంది. దాని మీదుగా భూఫలకం జరిగిపోతూ ఉంటుంది. 6.6 కోట్ల ఏళ్ల క్రితం ఆ వేడి మీద ఉన్నది మన దక్కను. అప్పుడు పొంగిన లావాయే దక్కను పీఠభూమిని కప్పింది. ఫలకం ఉత్తరానికి జరిగే కొద్దీ అదే వేడి లక్షదీవులకూ, మాల్దీవులకూ, చాగోస్‌కూ పునాది వేసింది. సుమారు 80 లక్షల ఏళ్ల క్రితం మారిషస్‌ను సముద్రం పైకి తెచ్చింది. ఇక్కడ ఇప్పుడు మంట లేదు. పక్కనున్న రియూనియన్ దీవిలో మాత్రం పిటాన్ ద లా ఫర్నేజ్ ఈనాటికీ లావా కక్కుతోంది. శాస్త్రజ్ఞుల్లో ఎక్కువమంది అంగీకరించిన వివరణ ఇది. దీన్ని తలుచుకున్నప్పుడల్లా నాకు ఒళ్లు పులకరిస్తుంది. విమానంలో గంటల తరబడి సముద్రం దాటి వచ్చి, మన నేలను కాచిన పొయ్యి దగ్గరే దిగుతున్నాం.

పోర్ట్ లూయీ నుంచి మెట్రో రైలెక్కితే క్యూర్‌పీప్ చేరవచ్చు. అక్కడ ఊరి మధ్యే త్రూ ఓ సెర్ అనే అగ్నిపర్వత బిలం ఉంది. మూడు వందల మీటర్ల వెడల్పు, ఎనభై మీటర్ల లోతు. లోపలంతా చెట్లు, అడుగున చిత్తడి, అంచు చుట్టూ రోడ్డు. మోకాళ్ల నొప్పులున్న పెద్దలు కూడా చూడగలిగిన బిలం ఇది. రేవులో ఎండ కాస్తున్నా ఇక్కడ జల్లు పడుతూ ఉండవచ్చు, గొడుగు మరవకండి.

గంగా తలావ్ అనే సరస్సు కూడా బిలంలో నిలిచిన నీరే. 1972లో గంగాజలం తెచ్చి ఇందులో కలిపారు. శివరాత్రికి దీవి నలుమూలల నుంచి భక్తులు కావళ్లతో నడిచి వస్తారు. 33 మీటర్ల శివుడి విగ్రహం దూరం నుంచే కనిపిస్తుంది.

అక్కడి నుంచి షమరెల్ దారి బ్లాక్ రివర్ లోయల జాతీయవనం గుండా సాగుతుంది. దారిలో తప్పక ఆగండి. 1974 నాటికి ఈ అడవుల్లో మారిషస్ చిన్న డేగలు నాలుగే మిగిలాయని లెక్క తేలింది. గుడ్లు పొదిగించి, పిల్లల్ని సాకి, అడవిలో వదిలి వాటిని మళ్లీ వందల్లోకి తెచ్చారు. గులాబీ పావురాన్నీ అలాగే బతికించారు. 17వ శతాబ్దంలో డోడో పక్షిని పోగొట్టుకున్న దీవి ఇది. కాబట్టి ఆ డేగ ఎగురుతూ కనిపిస్తే కాసేపు ఆగి చూడవలసిందే.

ఒకే ఒక్క చోటికి వెళ్లే వ్యవధి ఉందంటే నేను షమరెల్‌కే పొమ్మంటాను. ఎరుపు, గోధుమ, ఊదా, నీలి, పసుపు చాయల్లో గడ్డిపరక మొలవని మట్టిదిబ్బలు అక్కడ అలలు అలలుగా ఉంటాయి. అదీ బసాల్టే. వేడికీ వానకూ రాయి కుళ్లి, అందులోని సిలికా కొట్టుకుపోయి, ఇనుము, అల్యూమినియం ఆక్సైడ్లు మిగిలాయి. ఆ పాళ్లు మారినచోటల్లా రంగు మారింది. ఎండ ఏటవాలుగా పడే ఉదయం వేళ రంగులు బాగా విడివిడిగా తేలతాయి. కంచె దాటకండి, మట్టి తీసుకోకండి. పక్కనే 80 మీటర్లకు పైబడిన జలపాతం ఉంది.

దక్షిణ తీరంలో సుయాక్ దగ్గర గ్రీ గ్రీ. దీవి చుట్టూ దాదాపు అంతటా పగడపు దిబ్బ అడ్డుగా ఉంది కాబట్టే తీరంలో నీళ్లు నిలకడగా ఉంటాయి. గ్రీ గ్రీ దగ్గర ఆ అడ్డు లేదు. సముద్రం నేరుగా వచ్చి నల్లటి కొండచరియలను బాదుతుంది. ఒడ్డున నిలబడి చూడటానికే గానీ స్నానానికి దిగే చోటు కాదు.

తిరిగి వచ్చే దారిలో చెరకు తోటల మధ్య నల్లరాళ్ల గుట్టలు, పిరమిడ్‌లలా పేర్చినవి, కనిపిస్తాయి. లావా రాళ్లతో నిండిన నేలను చేలుగా మార్చడానికి ఒక్కొక్క రాయీ చేతులతో ఏరి పోగేసిన గుట్టలవి. చెరకు తోటల్లో ఇలాంటి పనికే 1834 నుంచి ఒప్పంద కూలీలుగా దాదాపు అయిదు లక్షల మంది పోర్ట్ లూయీ రేవులోని ఆప్రవాసీ ఘాట్‌లో దిగారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. ఆ కూలీల్లో కోరంగి వంటి కోస్తా రేవుల నుంచి ఓడలెక్కిన తెలుగువారూ ఉన్నారు. వారి సంతతి వల్లనే ఉగాది ఇక్కడ ప్రభుత్వ సెలవుదినం, 1990లో ప్రపంచ తెలుగు మహాసభలు ఈ దీవిలో జరిగాయి. ఆ వలసదారుల వివరాలు రాసిన పాత రిజిస్టర్లు పోర్ట్ లూయీకి దగ్గర్లోనే, మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ ఇన్‌స్టిట్యూట్‌లో భద్రంగా ఉన్నాయి. మీ ఇంట్లో మారిషస్ పోయి తిరిగిరాని ముత్తాత కథ ఏదైనా ఉంటే ఆయన పేరు, తండ్రి పేరు, ఊరి పేరు రాసుకుని రండి. ముందుగా ఉత్తరం రాసి, సభలకు ఒకరోజు ముందే చేరుకుంటే వెతికే వీలుంటుంది.