సైటుకీ మన డిపో లాంటిది ఉంటుందట



పోయినేడు ఒక దరఖాస్తుకి ఆఖరి రోజు. రాత్రి మా హాస్టల్ రూంలో నలుగురం ఒకే ఫోను చుట్టూ కూర్చున్నాం. పేజీ తిరుగుతానే ఉంది. ఇద్దరివి వెళ్లాయి, ఇద్దరివి ఆగిపోయాయి. మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. మాకే చేతకాలేదేమో అని సిగ్గుపడ్డాం.

తర్వాత క్లాసులో కంటెంట్ డెలివరీ నెట్‌వర్క్, అదే సీడీఎన్ గురించి విన్నాం. మాకు మన జీసీసీ డిపో గుర్తొచ్చింది. ఉప్పు కోసం కొండ దిగక్కర్లేదు, సరుకే ముందుగా దగ్గరికొస్తుంది. సీడీఎన్ కూడా సైటు బొమ్మలు, వీడియోలు, మారని పేజీల కాపీలను చాలా ఊళ్ల సర్వర్లలో ఉంచుతుంది. అడిగినోళ్లకి దగ్గరి సర్వరే ఇస్తుంది. 1998లో అమెరికాలో ఎంఐటీ ప్రొఫెసర్ టామ్ లైటన్, ఆయన విద్యార్థి డానీ లెవిన్ ఈ పని కోసమే అకమాయ్ కంపెనీ పెట్టారు.

కాపలా కూడా ఇదే కాస్తుంది. ఎవరైనా సైటుని ముంచాలని లక్షల దొంగ రిక్వెస్టులు పంపితే, ఆ వరద ఒక్కచోట పడకుండా అనేక సర్వర్లకి చీలిపోతుంది. దొంగవని తేలినవి దారిలోనే ఆగుతాయి.

మనం నింపిన ఫారం మాత్రం అసలు సర్వర్ దాకా పోవాల్సిందే. డిపో పక్కనే ఉన్నా కార్డు ఇచ్చేది ఆఫీసే కదా. కానీ మిగతా బరువు సీడీఎన్ మోస్తే, అసలు సర్వర్‌కి మన ఫారం తీసుకునే తీరిక దొరుకుతుంది. సిగ్నలే లేని గూడేనికి మాత్రం ముందు టవర్ రావాలి.

అందుకే తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, పేజీ ఆగితే తలొంచుకోవద్దు. స్క్రీన్‌షాట్ తీసి, టైం రాసి, అర్జీ పెట్టండి. మా ఇద్దరూ ఈసారి మొదటి రోజే నింపారు.