పోటీకి వెళ్తున్న బొంత

ఎల్లుండి ఇక్కడి కౌంటీ ఫెయిర్‌లో క్విల్టుల పోటీకి నా బొంత ఇవ్వాలి. పరిటాలలో అమ్మమ్మ కట్టి వదిలిన నేతచీరలు ఐదు, ఒకదాని మీద ఒకటి పరిచి, రెండేళ్లు చేత్తో కుట్టాను. ఆవిడ అరుగు మీద కూర్చుని కుట్టిన పద్ధతే. మన బొంతా, బెంగాల్ కాంతా అక్కచెల్లెళ్లు: పాత చీరల పొరలు, మామూలు కుట్టు, అంతే.

జడ్జీలు ముందు రంగులు చూస్తారనుకునేదాన్ని. తిరగేసి వెనకవైపు కూడా అంతే శ్రద్ధగా చూస్తారట! ముడులు కనిపించకూడదు. కుట్లన్నీ ఒకే నిడివిలో ఉండాలి. మూలలు చక్కగా నిలవాలి, అంచు పట్టీ లోపల బోలుగా ఉండకూడదు. రాత్రి దీపం కింద కూర్చుని వదులు పోగులన్నీ కత్తిరించాను. సెలోటేపు అంటించి నూగు, వెంట్రుకలు తీశాను. వేలాడదీయడానికి వెనక పైఅంచున నాలుగంగుళాల గుడ్డగొట్టం కుట్టాను. కలరా ఉండల వాసన పోవాలని మూడు రోజులు నీడన ఆరేశాను. మడత గీతలు పడకుండా ఇప్పుడు చాపలా చుట్టి పెట్టాను.

ఒక్కచోట నేత పలచబడింది. అమ్మమ్మ మమ్మల్ని చంకనెత్తుకున్న చోటు అది. మార్కులు తగ్గుతాయేమో. అయినా అక్కడ మాసిక వెయ్యలేదు.