తనంత తాను నిలిచే కర్ర

మనిషి చేతిని తొలినాటి నుంచి అంటిపెట్టుకొని ఉన్న పనిముట్లలో కర్ర ఒకటి. తెలుగు పల్లెలలో దానికి ఉన్నన్ని పేర్లు మరే పనిముట్టుకూ లేవేమో! పశువుల కాపరి చేతిలో అది దుడ్డుకర్ర. అరక దున్నే రైతు చేతిలో ముల్లుగర్ర. అడుగున ఇనుప పొన్ను తొడిగితే పొన్నుకర్ర. వయసు మీరినవారి చేతిలో ఊతకర్ర. కాలు సహకరించనివారి చంకలో చంకకర్ర. పేర్లు ఎన్ని ఉన్నా, పనులు ఎన్ని ఉన్నా, ఒక లోపం మాత్రం వీటన్నిటికీ ఉమ్మడి ఆస్తి. చెయ్యి వదిలిన మరుక్షణం కర్ర నేలమీద పడిపోతుంది.

పశువుల కాపరికి ఇది లోపమే కాదు. అతడు వంగి, కర్రను అందుకొని, మందను అదిలిస్తూ సాగిపోతాడు. ఊతకర్ర సంగతి వేరు. నడుము వంగనివారికీ, మోకాళ్లు మడత పడనివారికీ, తల తిరిగి తూలేవారికీ ఆ కర్ర అవసరం. అది కింద పడిందంటే, దానిని తీసుకోవడానికి వారు తప్పనిసరిగా వంగాలి. అంటే ఏ పని చేయలేక కర్ర పట్టుకున్నారో, కర్ర వారిచేత సరిగ్గా ఆ పనినే చేయిస్తుంది. ఇంతకన్నా నిర్దయమైన పరిహాసం వేరొకటి ఉంటుందా?

ఈ పరిహాసాన్ని దగ్గరగా చూడదలచినవారు మిర్చి కోతల కాలంలో ఎనుమాముల వెళ్లాలి. వరంగల్ నగరాన్ని ఆనుకొని ఉన్న ఎనుమాముల వ్యవసాయ మార్కెట్ ఆసియాలోని పెద్ద మార్కెట్లలో ఒకటిగా పేరు పొందింది. పత్తి, పసుపు, మక్కలు, పల్లికాయ అక్కడికి వచ్చినా, వేసవి ముంగిట యార్డును ముంచెత్తేది మాత్రం మిరపకాయే. సన్నగా, ఘాటుగా ఉండే తేజ రకం ఒకవైపు, పొట్టిగా, లావుగా, కారం తక్కువగా, రంగు దట్టంగా ఉండే చపాట రకం మరొకవైపు రాశులుగా దిగుతాయి. ఈ వరంగల్ చపాటకు 2025లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. తెల్లవారే సరికి బస్తాల వరుసలు గోడలవలె లేస్తాయి. గాలి నిండా ఘాటు. తుమ్ములు, కేకలు, తోపుడు బండ్ల చప్పుడు.

అటువంటి చోట డెబ్బై ఏళ్లు దాటిన రైతు ఒకడు కర్ర పట్టుకొని తన బస్తాల పక్కన నిలబడి ఉంటాడు. ఆ వయసులో మార్కెట్టుకు ఎందుకు వచ్చాడని అడగడం సులభమే. ఏడాది కష్టానికి ధర పలికే గడియలో తాను అక్కడ లేకపోతే అతనికి మనసు నిలవదు. ఖరీదుదారు వచ్చి బస్తా మూతి విప్పగానే రైతు తానూ గుప్పెడు కాయలు తీసి చూపాలి. దడ్వాయి కాంటా వేస్తుంటే తూకం గమనించాలి. తక్‌పట్టీ అందుకొని, కళ్లజోడు పెట్టుకొని, అంకెలు చూసుకోవాలి. అడ్తి దుకాణంలో సంతకం చేయాలి; పైకం చేతికిస్తే లెక్కపెట్టుకోవాలి. ఇవన్నీ రెండు చేతుల పనులు. అతనికి ఉన్నదేమో ఒక్క చెయ్యే. రెండవది కర్రకు అప్పగించి ఉంది.

ఏం చేస్తాడు? కర్రను చంకలో ఇరికించుకుంటాడు. అది జారుతుంది. బస్తాకు ఆనిస్తాడు. హమాలీ ఆ బస్తాను ఎత్తగానే కర్ర నేల పాలవుతుంది. ముంజేతికి తాడుతో తగిలించుకుంటే, చెయ్యి కదిలినప్పుడల్లా అది కాళ్లకు అడ్డు తగులుతుంది.

"ఆగు తాతా, నేను అందిస్త" అంటాడు హమాలీ.

"వద్దు బిడ్డా, నువ్వు బస్తా సూసుకో" అంటాడు ముసలాయన. ఒక చెయ్యి బస్తా మీద ఆనించి, మెల్లగా, ఒక మోకాలు వంచి, ఇంకా మెల్లగా కిందికి దిగుతాడు.

ఆ "వద్దు" అన్న మాటలో ఉన్నది మొండితనం కాదు. రోజుకు పదిసార్లు పడే కర్రను పదిసార్లూ ఇంకొకరు ఎత్తి ఇవ్వవలసి వస్తే, పదకొండవసారి ఆ మనిషి ఇల్లు కదలడు. పైగా ఆ వంగడంలోనే అసలు ముప్పు పొంచి ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా ప్రకారం ఏటా సుమారు 6,84,000 మంది జారిపడటం, తూలిపడటం వంటి ప్రమాదాల వల్ల మరణిస్తున్నారు. ఎముకలు గుల్లబారిన వయసులో తుంటి విరగడానికి మేడ మీది నుంచి పడనక్కరలేదు. నిలబడిన చోటనే ఒరిగి పడితే చాలు.

కనుక కర్ర తనంత తాను నిలబడాలి. చెప్పడానికి ఇది పిల్లల బొమ్మకు సంబంధించిన మాటలాగా తోస్తుంది. చేయబోతే మాత్రం భౌతిక శాస్త్రం ఎదురు నిలుస్తుంది. ఏ వస్తువైనా నిలబడాలంటే దాని గరిమనాభి నుంచి కిందికి గీసిన నిట్టనిలువు గీత ఆ వస్తువు అడుగుభాగాన్ని దాటి బయటికి పోరాదు. మామూలు ఊతకర్ర పొడవు 90 సెంటీమీటర్లు ఉంటుందనుకుందాం. పిడి బరువు వల్ల గరిమనాభి నేల నుంచి సుమారు 50 సెంటీమీటర్ల ఎత్తున ఉంటుంది. అడుగున ఉన్న రబ్బరు బిళ్ల వ్యాసార్ధం 2 సెంటీమీటర్లు. ఈ లెక్కన కర్ర రెండు డిగ్రీలకు కొద్దిగా మించి ఒరిగితే చాలు, పడిపోతుంది. వాన నీరు పారడానికి యార్డు గచ్చును యాభై అడుగులకు ఒక అడుగు చొప్పున వాలుగా కట్టారంటే, ఆ రెండు డిగ్రీలలో సగం నేలే మింగివేస్తుంది. మిగిలినది పక్కన నడిచే మనిషి పంచె తగిలితే సరి!

అడుగు వ్యాసార్ధాన్ని 6 సెంటీమీటర్లకు పెంచి, పిడిని తేలిక చేసి, గరిమనాభిని 40 సెంటీమీటర్లకు దించితే కర్ర ఎనిమిది డిగ్రీల దాకా ఓర్చుకోగలదు. అయితే, వంకర పిడి బరువు ఒక పక్కకే ఉంటుంది గనుక గరిమనాభి నడిమి నుంచి పక్కకు తొలగుతుంది. కాబట్టి అడుగుభాగాన్ని కూడా ఆ వైపు కొంచెం ముందుకు సాచాలి. మనిషి పాదం మడమ వెనుక కన్నా వేళ్ల వైపు ఎక్కువగా సాగి ఉండటం ఇటువంటి ఏర్పాటే.

ఇంతటితో సమస్య తీరిందా అంటే, సగమే తీరింది. నాలుగు చిన్న కాళ్లున్న ఊతకర్రలు చాలాకాలంగా ఆసుపత్రులలో వాడుకలో ఉన్నాయి. అవి చక్కగా నిలబడతాయి. నడకలోనే వాటితో పేచీ వస్తుంది. మనిషి అడుగు వేసేటప్పుడు కర్ర నిట్టనిలువుగా ఉండదు. ముందుకు చాచినప్పుడు ఒకవైపు, మనిషి దానిని దాటి పోయేటప్పుడు మరొకవైపు వాలుతుంది. బిగుసుకుపోయిన వెడల్పాటి అడుగు అప్పుడు అంచు మీద మాత్రమే నిలుస్తుంది. ఎగుడు దిగుడు నేల మీద నాలుగు కాళ్లలో ఒకటి గాలిలో తేలి కర్ర ఊగులాడుతుంది. ఇరుకు మెట్ల మీద దానికి చోటే చాలదు. ఆసుపత్రి గచ్చు కోసం పుట్టిన వస్తువును పల్లె గడపలు ఒప్పుకోవు.

మనిషి కాలికి చీలమండ ఉన్నది ఇందుకే. కర్రకూ అటువంటి చీలమండ కావాలి. వెడల్పాటి రబ్బరు పాదం, దానిపైన వంగి తిరిగి లేచే మెడ. ఇక్కడ ఒక ముచ్చటైన చిక్కు ఉంది. మనిషి ఒరిగినప్పుడు కర్ర మీద పది పదిహేను కిలోల భారం పడుతుంది. ఆ భారానికి మెడ లొంగి వంగాలి. చెయ్యి తీసిన తరువాత మిగిలేది కర్ర సొంత బరువు, ఇంచుమించు 400 గ్రాములు. ఆ బరువుకు మాత్రం అదే మెడ ససేమిరా వంగరాదు. పెద్ద బరువుకు తలవంచి, చిన్న బరువుకు తల ఎత్తి నిలిచే రబ్బరును ఎంచుకోవడంలోనే రూపకర్త నేర్పు అంతా ఉంది. మెత్తనైతే కర్ర వాలిపోతుంది. గట్టిదైతే నాలుగు కాళ్ల కర్ర చేసే పేచీయే ఇదీ చేస్తుంది.

ఢిల్లీ ఐఐటీలో పరిశోధనగా మొదలై ఫ్లెక్స్‌మోటివ్ అనే సంస్థగా రూపొందిన బృందం ఈ దారిలోనే నడిచింది. ఆ సంస్థ స్థాపకులలో శ్రీనివాస్ ఆదెపు ఒకరు. వారు తయారుచేసిన ఫ్లెక్స్‌మో ఊతకర్రకు అడుగున వంగే వెడల్పాటి పాదం ఉంటుంది. నడుస్తుంటే నేలను అంటిపెట్టుకొని ఉంటుంది. చెయ్యి వదిలితే నిలబడి ఉంటుంది. చూసినవారికి మొదట వింతగా తోచేది ఆ నిలబడటమే. వాడేవారికి మాత్రం నేలను పట్టుకోవడం, నిలబడటం రెండూ ఒకే సుగుణానికి రెండు ముఖాలు.

తెలుగునాట ఇటువంటి ఆలోచనకు వారసత్వం లేకపోలేదు. అబ్దుల్ కలాం హైదరాబాదులో క్షిపణి పరిశోధనలో ఉన్న రోజులలో నిమ్స్ ఆసుపత్రి ఎముకల వైద్యుడు ఒకరు ఆయన ప్రయోగశాలకు వచ్చి, అక్కడి పదార్థం తేలికదనాన్ని చూసి ఆశ్చర్యపడి, ఆయనను ఆసుపత్రికి తీసుకొనిపోయారు. అక్కడ చిన్నపిల్లలు మూడు కిలోలకు పైగా బరువున్న లోహపు కాలిపర్లు ఈడ్చుకుంటూ నడుస్తున్నారు. మూడు వారాలలో కలాం బృందం 300 గ్రాముల కాలిపర్లు తయారుచేసింది. తన జీవితంలోని పరమానందాలలో దానిని ఒకటిగా ఆయన చెప్పుకొన్నారు. హైదరాబాదు నుంచి వరంగల్ పోయే దారిలోని ఆలేరు ప్రాంతానికి చెందిన చింతకింది మల్లేశం కథ మరొకటి. ఆసు పోసి పోసి తల్లి లక్ష్మి భుజం నొప్పి పడుతుంటే చూడలేక, ఆరవ తరగతితో చదువు మానిన ఆయన ఏళ్ల తరబడి శ్రమించి ఆసు యంత్రాన్ని రూపొందించారు. దానికి తల్లి పేరే పెట్టారు. 2017లో పద్మశ్రీ అందుకున్నారు. పాట్నాకు చెందిన షాలిని కుమారి అనే విద్యార్థిని, మెట్లు ఎక్కలేక మేడ మీది తోటకు దూరమైన తాత కోసం, ముందరి కాళ్ల ఎత్తును మార్చుకొనే నడక చట్రాన్ని ఊహించి 2011లో జాతీయ స్థాయి బహుమతి పొందింది. ఈ ముగ్గురి పనికీ మూలం ఒకరి నొప్పిని కళ్లారా చూడటమే. కొలతలు, లోహాలు, లెక్కలు ఆ తరువాత వచ్చాయి.

2011 జనగణన దేశంలో 2.68 కోట్ల మంది వికలాంగులను లెక్కించింది. వారిలో ఐదవ వంతు మందికి నడకకు, కదలికకు సంబంధించిన ఇబ్బందే. కేవలం వార్ధక్యం వల్ల కర్ర పట్టినవారు ఈ లెక్కలోకి రారు. 1972లో నెలకొన్న కాన్పూరులోని అలింకో సంస్థ చేసే చంకకర్రలు, చేతికర్రలు ప్రభుత్వ శిబిరాల ద్వారా దేశమంతటా అందుతున్నాయి. అయినా చాలా ఇళ్లలో ఊతకర్ర అంటే ఇప్పటికీ దొరికిన వెదురు ముక్కే. కొలత కూడా చూడరు. చెయ్యి నిటారుగా వేలాడవేసినప్పుడు మణికట్టు ముడత ఎంత ఎత్తున ఉంటుందో, కర్ర పిడి అంత ఎత్తున ఉండాలి. నొప్పి ఉన్న కాలికి ఎదుటి చేతిలో కర్ర పట్టుకోవాలి. ఎక్కువమంది నొప్పి ఉన్న వైపే పట్టుకొని, నొప్పిని మరింత పెంచుకుంటారు. ఈ రెండు మాటలు చెప్పడానికి ఏ యంత్రమూ అక్కరలేదు గదా!

నిలబడే కర్రకు ఎదురయ్యే కఠిన పరీక్షలు ప్రయోగశాలలో లేవు. ఎనుమాముల గచ్చు మీద రాలిన మిరప తొడిమల మధ్య అది నిలవాలి. తొలకరిలో నల్లరేగడి బురద పాదానికి అట్టలు కట్టినా, ఒక్క విదిలింపుతో రాలిపోవాలి. గడప దాటేటప్పుడు వెడల్పాటి అంచు తట్టుకోరాదు. స్నానాల గదిలో నీటి మీద జారరాదు. రబ్బరు అరిగితే హనుమకొండ దాకా పోకుండా ఊళ్లోనే కొత్తది దొరకాలి. ధర కూడా, మిర్చి అమ్మిన రైతు కొడుకుతో సంప్రదించకుండానే కొనుక్కోగలిగినంత ఉండాలి. ఈ చివరి నిబంధన లెక్కలన్నిటికన్నా కష్టమైనది.

వీటన్నిటినీ మించిన పరీక్ష రాత్రి పూట ఇంట్లోనే ఎదురవుతుంది. నడిరాత్రి మెలకువ వచ్చిన ముసలివారు దీపం వేయకుండానే మంచం దిగుతారు. ఇంట్లో ఎవరినీ నిద్ర లేపడం ఇష్టం ఉండదు. గోడకు ఆనించిన కర్ర ఎప్పుడో జారి మంచం కిందికి పోయి ఉంటుంది. కాలితో తడుముతారు, అందదు. మంచం పట్టె పట్టుకొని లేచి, గోడ పట్టుకొని, గోడ అయిపోయిన చోట తలుపు దాకా ఉన్న నాలుగు అడుగులు ఏ ఆధారమూ లేకుండా వేస్తారు. కర్ర మంచం పక్కన, చెయ్యి చాచినంత దూరంలో, పడుకునేటప్పుడు వదిలిన చోటనే నిలబడి ఉంటే, ఆ నాలుగు అడుగులకూ ఊత దొరుకుతుంది.