వానలు కురిసే దీవిలో నీటి ఎద్దడి

వరంగల్లులో మనం నిద్ర లేచేసరికే అండమాన్ దీవులలో బారెడు పొద్దెక్కి ఉంటుంది. ఆ దీవులు మనకు తూర్పుగా 13 డిగ్రీల దూరాన ఉన్నవి. భూమి ఒక్కొక్క డిగ్రీ తిరగటానికి 4 నిమిషాలు పడుతుంది గనక, అక్కడ సూర్యుడు సగటున 52 నిమిషాలు ముందే ఉదయిస్తాడు. గడియారాలు మాత్రం ఇక్కడా అక్కడా ఒకటే! అందుచేత చలికాలంలో సాయంత్రం అయిదు దాటితే దీపాలు పెట్టవలసిందే.

అండమాన్, నికోబార్ కలిపి 800 పైచిలుకు దీవులూ, తిప్పలూ ఉన్నవి. వాటిలో జనం ఉండేవి 40 అయినా లేవు. విశాఖపట్నం నుంచి సముద్రం మీద సుమారు 1,200 కిలోమీటర్లు వెళితే పోర్ట్ బ్లెయిర్ వస్తుంది. 2024లో దానికి శ్రీ విజయపురం అని పేరు మార్చారు. అక్కడ రేవు దగ్గర చేపలు అమ్మేవాళ్ళ మాటలు వింటే మీకు ఆశ్చర్యం వేస్తుంది. వాళ్ళు మాట్లాడేది తెలుగే! శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలసపోయిన జాలరులు అక్కడే స్థిరపడ్డారు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఆ దీవులలో నూటికి 13 మంది తెలుగువాళ్ళు.

ఒకప్పుడు ఆ దీవులకు అడవే ఆదాయం. 1883లో చాథం దీవిలో పెట్టిన కోతమిల్లులో ఎర్రని పడౌక్ దుంగలు కోసేవారు. తరవాత చెట్లు నరకటం బాగా తగ్గించారు. ఇప్పుడు జనానికి కొబ్బరి, వక్క, చేపలు, చూడవచ్చే యాత్రికులు ఆధారం. అందరికన్నా ముందు నుంచీ ఉన్న జారవాలు, సెంటినలీలు మాత్రం అడవినీ సముద్రాన్నీ నమ్ముకునే బతుకుతున్నారు. వాళ్ళ జోలికి ఎవరూ పోరాదని చట్టం ఉన్నది.

అక్కడ ఏటా సుమారు 300 సెంటీమీటర్ల వాన పడుతుంది. మన వరంగల్లు వానకు అది ఇంచుమించు మూడింతలు. అయినా వేసవిలో కుళాయి నీటికి ఎదురుచూడక తప్పదు! దీవులు సన్ననివి, కొండలు ఏటవాలువి. కురిసిన నీరు గంటలలో సముద్రంలో కలిసిపోతుంది. కాకతీయులు తవ్వించిన రామప్ప, పాకాల వంటి పెద్ద చెరువులకు అక్కడ చోటెక్కడిది? అందుకని చాలా ఇళ్ళలో కప్పు మీద పడిన వాననీటిని తొట్లలోకి పట్టుకుంటారు.

వరి పండే నేల మొదటే తక్కువ. 2004 డిసెంబరు 26 భూకంపంలో దక్షిణ అండమాన్ నేల ఇంచుమించు ఒక మీటరు కుంగింది. పల్లపు పొలాలలోకి ఉప్పునీరు వచ్చింది, కొన్నిచోట్ల తిరిగి పోనేలేదు. బియ్యం, పప్పు, ఉల్లిపాయలు ఓడల మీదనే రావాలి. తుఫాను పట్టి ఓడ ఆలస్యమైతే అంగళ్ళలో ధరలు పెరుగుతాయి. ఓడ రేవు చేరిన తరవాతగాని అవి దిగిరావు.