మస్జిదు మెట్లకు టేపు పట్టినప్పుడు

వ్యాధిగ్రస్తుడు నిలబడలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పక్కకు ఒరిగి నమాజు చేయవచ్చునని హజ్రత్ ఇమ్రాన్ బిన్ హుసైన్ (రజి)కు దైవప్రవక్త (సఅసం) ఉపదేశించారు. ఈ సడలింపును మేము ఏటా మదరసా పిల్లలకు బోధిస్తాము. ఇది రోగపీడిత శరీరానికి ప్రసాదించబడిన సడలింపు. మెట్లు కట్టిన వారికి ఇచ్చినది కాదు.

బొబ్బిలిలో మేము నమాజు చేసే మస్జిదుకు, ఏళ్ళ తరబడి ముందు వరుసలో నిలిచిన ఒక పెద్దాయన పక్షవాతం వచ్చాక రావడం మానుకున్నారు. చక్రాల కుర్చీ ఉంది, కొడుకులూ ఉన్నారు. వారు తనను మోసుకొని మెట్లెక్కించడం ఆయనకు ఇష్టం లేదు. “ఇంట్లో చేసినా నమాజు చెల్లుతుంది కదా, హజ్రత్!” అన్నారు కమిటీలో ఒకరు. చెల్లుతుంది. కాని మంచానికే పరిమితమైన మనిషి కోల్పోయేది జమాఅత్ పుణ్యం ఒక్కటే కాదు. బయటి గాలి, నలుగురి సలాములు, దేహానికి కాస్త కదలిక, అన్నీ పోతాయి.

వాదన పెంచక, హిఫ్జ్ చదివే ఇద్దరు పిల్లలతో టేపు పట్టించాము. మెట్లు ఐదు, ఒక్కొక్కటి ఏడు అంగుళాలు. మొత్తం ఎత్తు 35 అంగుళాలు. మన దేశపు మార్గదర్శకాల ప్రకారం అడుగు ఎత్తుకు కనీసం 12 అడుగుల పొడవైన వాలు ఉండాలి. అంటే కనీసం 35 అడుగులు. మా వాకిలి 24 అడుగులే. కనుక మధ్యలో కుర్చీ తిరిగేందుకు ఐదడుగుల చదును వదిలి, వాలును మలుపు తిప్పాలి. మరుగుదొడ్డి తలుపు వెడల్పు 26 అంగుళాలు. కావలసింది 900 మిల్లీమీటర్లు, ఇంచుమించు మూడడుగులు. వుజూ కొళాయిల ముందున్న దిమ్మెలు ఎంత పల్లంగా ఉన్నాయంటే, మోకాళ్ళ నొప్పులున్నవారు కూర్చుంటే లేవలేరు. ఆ లెక్కన మా వరుసల్లో సగం మంది వికలాంగులే!

కొలవకుండా “ర్యాంపు ఉందా?” అని మాత్రమే అడిగితే మోసపోతాము. మా పట్టణంలో ఒక కార్యాలయానికి ర్యాంపు ఉంది. అది మోటారుసైకిలు ఎక్కించడానికి పనికివస్తుంది. చక్రాల కుర్చీ అయితే వెనక్కి తిరగబడుతుంది.

దేశమంతటి సమస్యా ఇదే. వికలాంగుల హక్కుల చట్టం 2016లో వచ్చింది. కాని దాని కింద చేసిన 15వ నిబంధనలో ప్రమాణాలు సలహాలుగానే మిగిలిపోయాయి. సుప్రీంకోర్టు కోరగా హైదరాబాదులోని నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయపు వికలాంగుల అధ్యయన కేంద్రం దేశంలోని పరిస్థితిపై నివేదిక సమర్పించింది. ఆపై రాజీవ్ రతూరి కేసులో 2024 నవంబరు 8న న్యాయస్థానం ఆ నిబంధనను చట్టవిరుద్ధమని ప్రకటించి, విధిగా పాటించవలసిన ప్రమాణాలను మూడు నెలల్లో రూపొందించమని కేంద్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది.

మనకైతే ఈ పాఠం కొత్తది కాదు. ‘అబస’ సూరా తొలి వచనాలు అంధుడైన హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ ఉమ్మె మక్తూమ్ (రజి) విషయంలో అవతరించాయి. ఆయన మస్జిదె నబవీలో అజాన్ ఇచ్చారు. దైవప్రవక్త (సఅసం) ప్రయాణమైనప్పుడు మదీనా బాధ్యతలూ వహించారు. అటువంటి వ్యక్తి మా మస్జిదులో అజాన్ ఇచ్చే చోటికి ఒంటరిగా చేరగలడా? పిల్లలు కళ్ళు మూసుకొని నడిచి చూశారు. చెప్పుల స్టాండు దగ్గరే ఆగిపోయారు.

కొలతల కాగితాన్ని కమిటీకి అందజేశాము. చెప్పుల స్టాండును గోడవారకు జరిపారు, మరుగుదొడ్డి తలుపు మార్చారు. ర్యాంపుకు మురుగుకాలువ అడ్డు వస్తుందని మేస్త్రి అంటున్నాడు. కాలువను జరపడానికి ఎంత ఖర్చవుతుందో ఇప్పుడు లెక్క వేయిస్తున్నారు.